తేలు కుట్టింది చేతికి, తడబడింది గుండె

నాకు తేలు కుట్టిందని విని పలకరించడానికి వచ్చినవాళ్లలో సగం మంది ముందు నవ్వారు. వాళ్లను తప్పు పట్టలేను. నేను నాచారంలో ఒక బడిలో ఆటల టీచర్ని. గట్టి మనిషినని పేరు. మెడలో విజిల్, కాళ్లకు బూట్లు, గ్రౌండ్ ఈ చివర అరిస్తే ఆ చివర పిల్లలు ఆగిపోయే గొంతు. అలాంటి మనిషిని వేలెడంత పురుగు పడుకోబెట్టిందంటే ఎవరికైనా వింతగానే ఉంటుంది. తేలు కుడితే ఒక పూట మంట, మర్నాటికి మామూలే అని నేనూ అనుకునేదాన్ని. చాలామందికి అంతకు మించి జరగదు కూడా. నాకు మాత్రం ఆ విషం వేలి దగ్గర ఆగలేదు. గుండె దాకా వెళ్లింది.

ఇప్పుడు మళ్లీ గ్రౌండ్‌లో నిలబడుతున్నాను. భయం పూర్తిగా పోలేదు. రాసి పెట్టుకుంటే కొంతైనా తగ్గుతుందని, ఇంకెవరింట్లోనైనా ఇలా జరిగితే మాలాగా ఇంట్లో కూర్చుని ఎదురుచూడకుండా ఉంటారని ఇది రాస్తున్నాను.

జూన్, బడి తెరిచిన వారం

వేసవి సెలవులు అయిపోయి బడి తెరిచారు. తొలకరి వాన పడి వెలిసింది. నేను, మా ఆయా బాలమ్మ ఆటసామాను గది శుభ్రం చేయడానికి దిగాం. హైజంప్ కింద వేసే పెద్ద పరుపు సెలవులకు ముందు చుట్టి గోడకు ఆనించింది ఆనించినట్టే ఉంది. దాన్ని బయటికి లాగుదామని కింద చెయ్యి పెట్టి ఎత్తాను. ఎర్రగా కాల్చిన మేకు ఉంగరం వేల్లోకి దిగినట్టయింది. చెయ్యి విదిలించాను. ఇటుక రంగులో చిన్న తేలు నేల మీద పడి తోక ఎత్తింది.

"అయ్యో టీచరమ్మా, ఎర్రతేలు!" అని బాలమ్మ చెప్పుతో దాన్ని కొట్టి చంపింది.

మంట మోచేతి దాకా పాకింది. పిల్లల ముందు ఏడవకూడదని పళ్లు బిగబట్టాను. ప్రిన్సిపాల్ మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనకు ఫోన్ చేశారు. మా ఆయన దాసు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. లాలాపేట్ వైపు నుంచి బండి మీద వచ్చి, దారిలోనే ఒక చిన్న క్లినిక్‌లో చూపించాడు. అక్కడి డాక్టరు నొప్పికి ఇంజెక్షన్ చేసి, మాత్రలు రాసి, సాయంత్రానికి తగ్గుతుంది, ఇంటికెళ్లి పడుకోమన్నాడు. మేమిద్దరం ఊపిరి పీల్చుకున్నాం. నిజంగా మంట కూడా తగ్గుతున్నట్టే అనిపించింది.

బండి మీద చిల్కానగర్‌లో మా ఇంటికి వస్తుండగా ఒళ్లంతా చెమట పట్టడం మొదలైంది. రోజూ ఎండలో పరుగెత్తే నాకు చెమట కొత్త కాదు. కానీ ఇది అలాంటిది కాదు. ట్రాక్‌సూట్ తడిసి ఒంటికి అంటుకుపోయింది, లోపల మాత్రం వణుకు. దాసు భుజం పట్టుకున్న నా వేళ్లు నాకే చల్లగా తగిలాయి.

"ఎట్లుంది?" అని అతను రెండుసార్లు అడిగాడు.

"మంచిగనే ఉంది, పో," అన్నాను.

ఇంట్లో మా అత్తమ్మ ఎస్తేరమ్మ ఒక్కతే ఉంది. మా పాప స్నేహ పదో తరగతి, బడి నుంచి ఇంకా రాలేదు. మామయ్య పోయిన తర్వాత అత్తమ్మ జనగామ దగ్గర పల్లె వదిలి మా దగ్గరికి వచ్చింది. మా మధ్య పోట్లాటలు లేవు. అలాగని దగ్గరితనమూ లేదు. ప్యాంటు వేసుకుని పిల్లల మీద అరిచే కోడలు ఆమెకు అర్థం కాలేదు. పొద్దంతా బైబిలు పట్టుకుని మూలన కూర్చునే అత్త నాకూ అర్థం కాలేదు. అన్నం తిన్నావా అంటే తిన్నా, అంతవరకే మా మాటలు.

ఆ రోజు చెమటలు కారుతూ వేలు పట్టుకుని వచ్చిన నన్ను చూడగానే ఆమె తలుపు చెక్క పట్టుకుని నిలబడిపోయింది.

"ఏం కుట్టింది?"

"తేలు."

"ఏ రంగుది?"

"ఎర్రది అత్తమ్మా," అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

దాసు మాత్రలు తేవడానికి మెడికల్ షాపుకు వెళ్లాడు. అతను గుమ్మం దాటగానే నాకు వాంతి అయింది, వెంటనే మరొకటి. నోరు ఎండిపోయింది. నాలుక అట్టముక్కలా అయింది. అంతటి దాహం నా జన్మలో ఎరగను.

"అత్తమ్మా, జర నీళ్లియ్యి," అన్నాను.

ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. నా పక్కన నిలబడింది. ఇవ్వలేదు. చెంబును రెండు చేతులతో గుండెకు అదుముకుని నన్నే చూస్తోంది.

"నీళ్లొద్దు బిడ్డా."

"దూపయితుంది అత్తమ్మా, ఇయ్యి!"

"ఒద్దు. నీకు దండం పెడ్త, అడగకు."

ఆమె అదుముకున్న కొద్దీ నీళ్లు చెంబులోంచి చిందుతున్నాయి. చిందిన నీళ్లు నేల మీద పారుతుంటే చూస్తూ నేను అరిచాను, గట్టిగానే అరిచాను. ఏమన్నానో రాయను. లేచి నేనే వంటగదిలోకి వెళ్దామనుకున్నాను. నాలుగు అడుగులు వేయకముందే ఊపిరి అందలేదు. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. దగ్గు మొదలైంది. వెల్లకిలా పడుకోబోతే ఎవరో ఛాతీ మీద కూర్చున్నట్టుంది. లేచి మోకాళ్ల మీదికి వంగితే కాస్త గాలి వస్తోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల నీళ్లు మరుగుతున్నట్టు చప్పుడు నాకే వినపడుతోంది.

ఆ దగ్గు వినగానే అత్తమ్మ చెంబు వదిలేసింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. ఎప్పుడూ పైకి లేవని ఆ గొంతు వీధి చివరి దాకా వినపడింది.

"దాసూ! మందులు ఆడనే పారేయ్! ఆటో తే, పెద్ద దవాఖానకు పోవాలె!"

"డాక్టర్ సూసిండు గదనే అమ్మా. సాయంత్రం కల్ల తగ్గుతదన్నడు," అంటూ అతను వచ్చాడు.

"తగ్గది! నేను సూసిన గిది. సూసినంటున్న గద, నడువు!"

ఆమె ఎప్పుడు, ఎక్కడ చూసిందో అడిగే తీరిక అప్పుడు ఎవరికీ లేదు.

ఆటోలో అత్తమ్మ నా వెనక కూర్చుని తన వీపు సీటుకు ఆనించి నన్ను నిటారుగా పట్టుకుంది. "పండుకోకు, నాకొరుగు," అని నా చెవిలో అంటూనే ఉంది. ఉప్పల్ చౌరస్తా దగ్గర బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఆటో అతను దిగి, ముందున్న బండ్లవాళ్ల దగ్గరికి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి బతిమాలాడు. "అన్నా, జర జరుగున్రి. అక్క పానం బాగలేదు." బండ్లు పక్కకు జరిగాయి. ఒకాయన ఫుట్‌పాత్ మీదికి కూడా ఎక్కించాడు. వాళ్ల ముఖాలేవీ నాకు గుర్తులేవు. మెట్రో పిల్లర్ల మధ్య నుంచి దారి తెరుచుకోవడం మాత్రం గుర్తుంది.

ఆసుపత్రి, అదే సాయంత్రం

చిన్న వయసు డాక్టరమ్మ. నా చెయ్యి పట్టుకోగానే ఆమె ముఖం మారింది. ఎప్పుడు కుట్టింది, ఏ రంగు, ఎన్నిసార్లు వాంతి అయింది అని గబగబా అడుగుతూనే మనుషులను పిలిచింది. తేలు మాట విని ఆమె నవ్వలేదు. ఆ క్షణంలో నాకు భయమూ వేసింది, ధైర్యమూ వచ్చింది.

నోట్లో ఒక చిన్న మాత్ర వేశారు. సూదులు గుచ్చారు. ముక్కు, నోరు మూస్తూ బిగుతైన మాస్క్ పెట్టారు. మాస్క్‌లోంచి గాలి ముఖం మీదికి ఎగదన్నుతోంది. ఊపిరాడని మనిషి నోరు మూసినట్టనిపించి దాన్ని పీకేయబోయాను. అప్పుడు ఒక నర్సు, పేరు మణి అని తర్వాత తెలిసింది, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అక్కా, నా కండ్లల్లకు సూడు. నేను పీల్చినప్పుడు పీల్చు, ఇడిసినప్పుడు ఇడువు. ఏం కాదు. నేనీన్నే ఉన్న."

పిల్లలకు ఊపిరి కసరత్తులు నేర్పే దాన్ని నేను. ఆ పూట చిన్నపిల్లలా ఆ అమ్మాయి ముఖం చూస్తూ ఊపిరి పీల్చడం నేర్చుకున్నాను.

బయట డాక్టరమ్మ దాసుకు చెప్పిన మాటలు తర్వాత అతని నోటే విన్నాను. ఎర్రతేలు విషం కొందరిలో ఒంట్లోని నరాలన్నింటినీ ఒక్కసారిగా రెచ్చగొడుతుందట. రక్తనాళాలు బిగుసుకుపోతాయట. ఆ బిగువుకు ఎదురుగా రక్తాన్ని తోసీ తోసీ గుండె డీలా పడిపోతుంది, అప్పుడు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మొదట వేసిన మాత్ర ఆ నాళాలను వదులు చేయడానికి.

"తేలుకు, గుండెకు ఏం సంబంధం మేడం? చెయ్యికి గదా కుట్టింది?" అని దాసు అడిగాడట.

"అందరికీ ఇట్లా కాదు. అయినవాళ్లకు మాత్రం ఆలస్యం చేయకూడదు. మీరు టైముకే తెచ్చారు. ఈ రాత్రి గడవాలి," అందట ఆమె.

ఐసీయూ బయట

ఐసీయూలో గడిచిన రోజులు నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తున్నాయి. మెషీన్ల కూత, తెల్లటి లైటు, మణి తడిగుడ్డతో నా పెదాలు తుడవడం. ఒకరోజు ఆమె నా చిక్కుపడ్డ జుట్టు విప్పి రెండు జడలు వేసి, "చిన్నపిల్ల లెక్క ఉన్నవ్ అక్కా," అంది. మాస్క్ వెనక నవ్వాను. ఎన్నాళ్ల తర్వాత నవ్వానో అనిపించింది. నిజానికి రెండు మూడు రోజులే అయి ఉంటాయి.

బయట నా వాళ్లు పడ్డ బాధ నేను చూడలేదు. స్నేహ చెప్పింది. ఐసీయూ ముందు హాల్లో ఇనుప కుర్చీలు. మైకులో పేషెంట్ పేరు పిలిస్తే ఆ ఇంటివాళ్లు ఉలిక్కిపడి లేచేవాళ్లు, మిగతావాళ్లు తమ పేరు కానందుకు ఊరటపడి, ఊరటపడినందుకు తలదించుకునేవాళ్లు. పక్కన కూర్చున్న ముస్లిం పెద్దావిడ, ఆమె భర్తకు గుండెపోటు, ఇంటి నుంచి తెచ్చుకున్న టిఫిన్‌లో సగం స్నేహ చేతిలో పెట్టి, "ఖాలే బేటీ, నువ్వు తింటేనే అమ్మను చూస్కుంటవ్," అందట.

మా అన్న యాకోబు బోడుప్పల్ నుంచి వచ్చాడు. నాకంటే పెద్దవాడు, అమ్మానాన్న పోయాక నన్ను పెంచినవాడు. గాజు తలుపులోంచి నన్ను చూసి వచ్చి నేరుగా దాసు మీద పడ్డాడు.

"నీకు జరన్న తెలివున్నదా బావా? కుట్టంగనే పెద్ద దవాఖానకు తేవాలె గాని, సూది ఏపిచ్చి ఇంట్ల పండవెడ్తవా? నా చెల్లెకేమన్నయితే ఏం జెప్తవ్?"

దాసు తల వంచుకుని నిలబడ్డాడు. హాల్లో అందరూ చూస్తున్నారు. అత్తమ్మ లేచి వాళ్లిద్దరి మధ్యకు వచ్చి నిలబడిందట.

"యాకోబూ, నీ బాధ నాకెరుకే. గని ఆ మాట అనకు బిడ్డా. గసొంటి మాట మనిషిని ఇడిచిపెట్టది. వానికి తెల్సి చేసింది గాదు."

అన్న ఇంకా ఏదో అనబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడట. కాసేపటికి వెళ్లి అందరికీ టీలు తెచ్చాడు. దాసు చేతికి కప్పు ఇస్తూ "తాగు బావా," అన్నాడు. మా ఇంట్లో క్షమాపణ అంటే అంతే.

వార్డులో

మాస్క్ తీసేసి నన్ను వార్డుకు మార్చారు. గుండె ఇంకా బలహీనంగానే ఉందని, మెల్లగా కోలుకుంటుందని డాక్టరమ్మ చెప్పింది. మంచం మీద గబుక్కున లేస్తే కళ్ల ముందు చీకటి కమ్మేది. ఆ మాత్రల వల్ల అలా అవుతుంది, ముందు కూర్చుని, కాళ్లు కిందికి వేసి, ఆగి లేవమని మణి నేర్పింది. బాత్రూమ్‌కు వెళ్లి రావడమే నాకు పెద్ద పరుగు పందెం అయింది.

పగలు అత్తమ్మ నా దగ్గర ఉండేది. జావ కాచి తెచ్చి చల్లార్చి ఇచ్చేది. ఆమె గ్లాసు అందించిన ప్రతిసారీ నాకు ఆ చెంబు గుర్తొచ్చేది. నా ప్రాణం కాపాడింది ఈమెనే. నాకు గుక్కెడు నీళ్లు ఇవ్వనిదీ ఈమెనే. రెండూ నాలో సర్దుకోలేదు. ఒక మధ్యాహ్నం అడిగేశాను.

"అత్తమ్మా, ఆ దినం నాకు నీళ్లెందుకియ్యలే?"

ఆమె జావ గ్లాసు కింద పెట్టింది. కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

"ఎవ్వలకు చెప్పలే బిడ్డా. దాసుకు సుత ఎరుక లేదు. వాని కంటే ముందుగాల నాకొక ఆడపిల్ల ఉండె."

నేను దిండు మీది నుంచి లేచి కూర్చున్నాను.

"మూడో ఏడు నడుస్తుండె. ఇంటెన్క పిడకల కుప్ప కాడ ఆడుకుంటుంటే కుట్టింది. గసొంటి ఎర్రతేలే. శానసేపు ఏడ్వలే గూడ. ఒళ్లంత చెమట, నీలెక్కనే సల్లగయింది. అమ్మా దూప, అమ్మా దూప అన్నది. నేను చెంబెత్తి తాపిన. తాపిన జరసేపటికే దగ్గు, నోట్లకెళ్లి నురగ. మా ఊర్లె దవాఖాన ఏడిది? బండి కట్టి తోలుకపోతుంటే తొవ్వలనే పోయింది."

పక్క మంచం వాళ్లు మాట్లాడుకుంటున్నారు. ఆమె గొంతు ఇంకా తగ్గించింది.

"నీళ్లు తాపి సంపినవ్ అన్నది మా అత్త. తేలు కుట్టినోళ్లకు నీళ్లు తాపితే విషం గుండెకు పారుతదట. మీ మామ సుత గదే అన్నడు. అన్నోళ్లందరు పోయిన్రు. ఆ మాట పోలే. నువ్వు నీళ్లడిగినప్పుడు నా చేతులు కదల్లే సువార్తా. మళ్ల నా చేతుల తోనేనా, అనుకున్న."

సూది గుచ్చని చేతితో ఆమె చెయ్యి పట్టుకున్నాను. మా పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. గరుకుగా, వెచ్చగా ఉంది.

మర్నాడు డాక్టరమ్మ రౌండ్లకు వచ్చినప్పుడు అత్తమ్మే లేచి నిలబడింది. అంత చదువుకున్న మనిషిని అడగడానికి బెదురుతూనే అడిగింది.

"బిడ్డా, ఒక మాట. తేలు కుట్టినోళ్లకు నీళ్లు తాపితే విషం పారుతదా?"

"లేదమ్మా. ఎందుకు అడుగుతున్నారు?"

అత్తమ్మకు బదులు నేనే రెండు మాటల్లో పాప సంగతి చెప్పాను. డాక్టరమ్మ చేతిలో కాగితాలు పక్కన పెట్టి, స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, దాహం కూడా ఆ విషం వల్లే వేస్తుంది. అంత చెమట పడితే, వాంతులైతే దాహం వేయదా? నీళ్లకూ పాప పోవడానికీ సంబంధం లేదు. మీరు ఇయ్యకపోయినా అదే జరిగేది."

"మరి గీ గోలీ అప్పుడు ఉంటే?"

డాక్టరమ్మ అబద్ధం చెప్పి తప్పించుకోలేదు. "ఉంటే బతికేదేమోనమ్మా. కానీ ఈ గోలీ తేలుకు పనికొస్తుందని అప్పట్లో పట్నం డాక్టర్లకు కూడా తెలియదు. పాపకు దాహమైంది, మీరు నీళ్లిచ్చారు. ఏ తల్లైనా అదే చేస్తుంది."

అత్తమ్మ తలూపింది. డాక్టరమ్మ పక్క మంచం దగ్గరికి వెళ్లే దాకా ఆగింది. తర్వాత కొంగు ముఖం మీద కప్పుకుని, నా మంచం అంచున కూర్చుని కరువుదీరా ఏడ్చింది. నేను ఆపలేదు. మణి వచ్చి, చూసి, చప్పుడు చేయకుండా మా చుట్టూ కర్టెన్ లాగి వెళ్లింది.

జూలై, ఇంట్లో

ఇంటికి వచ్చాక అందరూ గండం గడిచిందన్నారు. నాకు అసలు భయం అప్పుడే మొదలైంది. ఆసుపత్రిలో నా గుండెను మెషీన్ చూసుకునేది. ఇంట్లో నేనే చూసుకోవాలి. పడుకుంటే చెవిలో గుండె చప్పుడు. ఒక్కసారి లయ తప్పినట్టనిపిస్తే చాలు, లేచి కూర్చునేదాన్ని. దుప్పటి దులపందే పడుకోలేను. చెప్పుల్లో కాలు పెట్టాలంటే కర్రతో తిప్పి చూడాలి. పప్పు డబ్బాలో చెయ్యి పెట్టడానికి కూడా వెనకాడేదాన్ని. మేముండేది రెండో అంతస్తు. పరుగున ఎక్కే ఆ మెట్లను మధ్యలో కూర్చుని ఎక్కాల్సి వచ్చింది. కింది ఇంటావిడ అది చూసి మొదటి మలుపు దగ్గర ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఊరుకుంది. రోజూ అందులో కూర్చున్నాను.

దాసు మారిపోయాడు. నన్ను బకెట్ ఎత్తనివ్వడు, చీపురు పట్టనివ్వడు. పని నుంచి గంటకోసారి ఫోన్. ఇల్లంతా మూలమూలలా తేళ్ల మందు కొట్టించాడు. మొదట్లో బాగానే ఉండేది. తర్వాత ఊపిరాడకుండా అయింది. డాక్టరమ్మ మెల్లగా నడవమంది కదా అని ఒక ఉదయం వీధి చివరి దాకా వెళ్లబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏడికీ పోవద్దు. దమ్మొస్తే ఎవలు సూస్తరు?"

"నన్ను గిట్లనే మంచానికి కట్టేస్తవా? నడువమన్నది డాక్టరే గదా!"

"నీకేం ఎరుక! ఆ దినం నిన్ను ఇంటికి తీస్కొచ్చింది నేను. యాకోబు బావ అన్నదాంట్ల తప్పేమున్నది? నేనే సంపుతుంటి నిన్ను!"

అతను ఏడుస్తుంటే నేను చూడటం అదే మొదటిసారి. అప్పుడు మూలన కూర్చున్న అత్తమ్మ బైబిలు మూసి లేచి వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, నాకు వార్డులో చెప్పినదంతా అతనికి చెప్పింది. పిడకల కుప్ప, చెంబు, అత్త అన్న మాట, డాక్టరమ్మ చెప్పిన జవాబు. అన్నీ.

"గా మాట లోపట పెట్టుకుని ఇన్నేండ్లు బతికిన బిడ్డా. నిన్ను ఎత్తుకుని నీళ్లు తాపాలన్నా భయమే. నువ్వు గట్ల జెయ్యకు. నీకు తెల్వక తెచ్చినవ్, తెల్సినంక ఉరికినవ్. గంతే."

దాసు లేచి ముఖం కడుక్కున్నాడు. "నడువు, నేను సుత వస్త," అన్నాడు నాతో. ఆ రోజు మేమిద్దరం వీధి చివర కిరాణా కొట్టు దాకా నడిచి, అక్కడ అరుగు మీద కూర్చుని, మెల్లగా తిరిగి వచ్చాం. తర్వాతి వారం పార్కు దాకా వెళ్లాం.

ఆగస్టు

మళ్లీ గుండె స్కానింగ్ చేసి, మామూలుగా కొట్టుకుంటోందని డాక్టరమ్మ చెప్పింది. స్క్రీన్ మీద నా గుండెను నాకు చూపించింది. నాకేమీ అర్థం కాలేదు. కానీ అది అలా తెరుచుకుంటూ మూసుకుంటూ తన పని తాను చేసుకుపోతుంటే జాలేసింది. ఇన్నేళ్లూ దాని గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బడికి వెళ్లాను. కొన్నాళ్లు కూర్చుని చేసే పనే ఇచ్చారు. మా ఖోఖో అమ్మాయిలు ఆటసామాను గదిలోకి నన్ను అడుగు పెట్టనివ్వలేదు. పరుపులను ముందు కర్రతో తట్టి, తిరగేసి, అప్పుడు ఎత్తుతున్నారు. ఇప్పుడు మా బడిలో అదే అలవాటు. పరుపులు నేలకు ఆనకుండా బల్ల మీద పెడుతున్నాం. బాలమ్మకు చేతి తొడుగులు వచ్చాయి.

చదివేవాళ్లకు ఒక్కటే చెప్పాలనుంది. తేలు కుట్టిందంటే భయంతో బిగుసుకుపోనక్కరలేదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మంట తగ్గిందని మోసపోకండి. ఒళ్లు చల్లబడి చెమటలు పట్టినా, వాంతులైనా, ఆయాసం వచ్చినా, కుట్టింది పిల్లలకైనా, కట్లు, మంత్రాలు, ఉల్లిగడ్డలు అంటూ కూర్చోకండి. వెంటనే ఐసీయూ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. ఎర్రతేలని తెలిస్తే ఆ మాట వెళ్లగానే చెప్పండి. కుట్టించుకున్నవాళ్లను తీసుకొచ్చినవాళ్ల మీద మాత్రం అక్కడ అరవకండి. వాళ్లూ భయపడే ఉంటారు.

మొన్న ఆదివారం చర్చికి వెళ్లి వచ్చాక ఇంట్లో అందరం ఉన్నాం. అత్తమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. స్నేహ ఆమె పక్కన చేరి, ఆ రోజు నాయినమ్మ దాసుకు చెప్పింది తలుపు చాటున విని ఎప్పటి నుంచో మనసులో పెట్టుకున్నట్టుంది, అడిగింది.

"నాయినమ్మా, మా అత్త ఎట్లుండె?"

అత్తమ్మకు అర్థం కాలేదు. "ఏ అత్త?"

"డాడీ వాళ్ల అక్క. నాకు అత్తే గదా."

అత్తమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. ఏడుస్తుందేమోనని నేను స్నేహకు కళ్లతో సైగ చేశాను. ఆమె ఏడవలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అత్తనా? గింతే ఉండె పోరి," అని నేల మీది నుంచి జానెడు జానెడు కొలిచి, కూర్చున్న తన భుజం దాకా చెయ్యి ఎత్తి చూపించింది. "కరుణ అని పెట్టుకున్నం. నడక రాంగనే ఉరుకుడే. కోడిపిల్లల ఎంబడి వడుతుండె. దొరికితె ముద్దువెట్టి ఇడిసిపెట్టేది. ఆ కోడి పొడిస్తే మల్ల నా దగ్గరికే, కొంగుల దూరేది..."

స్నేహ ఆమె మోకాలి మీద గడ్డం ఆనించి వింటోంది. బజారుకు బయలుదేరిన దాసు చేతిలో సంచీతో గుమ్మం దగ్గరే ఆగాడు. తర్వాత సంచీ పక్కన పెట్టి, చెప్పులు విప్పి, తన అక్క గురించి వినడానికి లోపలికి వచ్చి కూర్చున్నాడు.